దారి ఖర్చు ఎవరిది?

నార్త్ కరోలినాలో పొగాకు నారు ఇంకా గ్రీన్‌హౌసుల్లో ఉండగానే మాకు సీజను మొదలైపోతుంది. జనవరిలోనే రైతులు ఫోన్లు చేస్తారు. ఈ ఏడు 20 మంది కావాలి, ఏప్రిల్ మధ్యకల్లా పొలంలో ఉండాలి, నవంబరులో చిలగడదుంప తవ్వకం అయ్యేదాకా ఉండాలి అంటారు. ఆ 20 మందినీ మెక్సికో నుంచి హెచ్-2ఏ వీసా మీద రప్పించే ఒక చిన్న కంపెనీలో కాగితాల పని నాది. పని మొదలయ్యే రోజుకు 60 నుంచి 75 రోజుల ముందు రాష్ట్ర ఉపాధి కార్యాలయంలో ఉద్యోగ ప్రకటన వేయించాలి. స్థానికులు ఎవరైనా వస్తే ముందు వాళ్లకే ఇవ్వాలి. కూలీలుండే ఇంటికి తనిఖీ జరగాలి: మంచానికీ మంచానికీ మధ్య ఎంత జాగా ఉంది, కిటికీలకు దోమతెరలున్నాయా, ఎందరికి ఒక పొయ్యి, అన్నీ చూస్తారు. ఆ తర్వాత కార్మిక శాఖ ధ్రువపత్రం, ఇమిగ్రేషన్ శాఖకు దరఖాస్తు, చివరికి మాంటెరే నగరంలోని అమెరికన్ కాన్సులేటులో ఇంటర్వ్యూ. అక్కడి నుంచి బస్సు.

మన తెలుగువాళ్లకు అమెరికా వీసా అంటే హెచ్-1బి. దాని పక్కనే అదే అక్షరంతో మొదలయ్యే ఈ వీసా మీద ఏటా లక్షల మంది వచ్చి, పంట తీసి, తిరిగి వెళ్లిపోతారని చాలామందికి తెలియదు. మా ఊరి సూపర్ మార్కెట్లో చిలగడదుంప ఏరుకుంటున్న మన వాళ్లను చూసినప్పుడల్లా వాళ్లకు ఇది చెప్పాలనిపిస్తుంది. చెప్పాల్సింది వీసా రూల్సు మాత్రమే కాదు, ఈ వ్యాపారం ఎక్కడ పుట్టి ఎలా నడిచి ఇక్కడికి వచ్చిందో కూడా. చట్టాల పేర్లు వరసగా అప్పజెబితే ఈ చరిత్ర బోధపడదు. ప్రతి దశలోనూ నేను ఒకటే అడుగుతాను. కూలివాడు ఊరు దాటడానికి అయిన ఖర్చు ఎవరు పెట్టారు? ఆ ఖర్చుకు అతను ఎవరికి బాకీ పడ్డాడు? ఆ రెండూ తెలిస్తే, పొలంలో అతన్ని ఎలా చూశారో ఇక విడిగా అడగక్కర్లేదు.

అమెరికాలో ఈ ప్రశ్నకు ఫెడరల్ చట్టం సూటిగా జవాబు చెప్పింది 1864లో. అంతర్యుద్ధంలో మగవాళ్లు సైన్యానికి పోయారు, ఫ్యాక్టరీలకూ గనులకూ మనుషులు దొరకలేదు. ఆ ఏడాది జులై 4న లింకన్ ప్రభుత్వం వలసలను ప్రోత్సహించే చట్టం తెచ్చింది. వచ్చేవాడు ఓడ ఖర్చు కింద తన రాబోయే కూలిని, 12 నెలలకు మించకుండా, ముందే తాకట్టు రాసివ్వవచ్చని అందులో ఉంది. దీని ఆసరాతో కనెక్టికట్ రాష్ట్రంలో అమెరికన్ ఎమిగ్రెంట్ కంపెనీ అనే సంస్థ రంగంలోకి దిగింది. ఫ్యాక్టరీ యజమానుల దగ్గర ఆర్డర్లు తీసుకుని, యూరప్‌లో పనివాళ్లను వెతికి, ఒప్పందాలు రాయించి ఓడ ఎక్కించేది. అంటే మేమిప్పుడు చేస్తున్న పనికి 160 ఏళ్ల వయసుందన్న మాట. కాని ఆ వ్యాపారం నిలవలేదు. ఓడ దిగినవాడు ఎక్కువ కూలి ఎక్కడుంటే అక్కడికి నడిచిపోయేవాడు, యజమాని పెట్టిన సొమ్ము నీళ్లపాలయ్యేది. 1868లో ఆ చట్టాన్ని రద్దు చేశారు.

1885లో గాలి పూర్తిగా తిరిగింది. నైట్స్ ఆఫ్ లేబర్ అనే కార్మిక సంఘం పట్టుబట్టడంతో కాంగ్రెస్ ఫోరన్ చట్టం చేసింది. విదేశీయుడితో ముందే పని ఒప్పందం రాయించుకుని, అతని దారి ఖర్చు భరించి దేశంలోకి తేవడమే నేరమైంది. ఆ చట్టం ఇంకా ఉండి ఉంటే ఇవాళ నా బల్ల మీదున్న ప్రతి ఫైలూ ఒక కేసు అయ్యేది. ఆ తర్వాత వచ్చిన తాత్కాలిక కూలీల పథకాలన్నీ ఆ నిషేధానికి యుద్ధం పేరుతోనో పంట పేరుతోనో తెచ్చుకున్న మినహాయింపులే.

అదే కాలంలో మా వైపు ఈ వ్యాపారం ఏ చట్టమూ అక్కర్లేకుండా జోరుగా సాగింది. మాది శ్రీకాకుళం జిల్లా, కళింగపట్నం రేవుకు దగ్గరి పల్లె. మా తాత రంగం వెళ్లాడు. రంగూన్ అనేవాళ్లు కాదు మా ఇంట్లో, రంగమే. బర్మా 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం కాబట్టి పాస్‌పోర్టూ లేదు, వీసా లేదు. మలయాకీ సింహళానికీ పోయే కూలీలకు ఉన్న ప్రభుత్వ పర్యవేక్షణ అయినా ఈ దారిలో లేదు. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ స్టీమర్లు కాకినాడలో, విశాఖపట్నంలో, మా తీరం రేవుల్లో మనుషుల్ని డెక్కు మీదికి ఎక్కించుకుని బంగాళాఖాతం దాటించేవి. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి పోయిన ఆ జనాన్ని బర్మాలో కోరింగీలు అనేవారు, పాత కోరంగి రేవు పేరు మీద. వరి కోతలకు, ఆ తర్వాత ధాన్యం మిల్లుల సీజనుకు, ఓడరేవులో మూటలు మోయడానికి వీళ్లు కావాలి. సీజను అయితే కొందరు తిరిగొచ్చేవాళ్లు, కొందరు రెండు మూడేళ్లు అక్కడే ఉండిపోయేవాళ్లు.

వీళ్లను ఊళ్లో చేర్చేది మేస్త్రీ. మేస్త్రీ బయటివాడు కాదు, తరచు మన కులంవాడో పక్క వీధివాడో. ఇంటి ఖర్చుకు కొంత, స్టీమరు టిక్కెట్టుకు కొంత చేతిలో పెట్టేవాడు. పైనున్న పెద్ద మేస్త్రీకి అతను బాకీ, ఆ పెద్ద మేస్త్రీ రంగూన్‌లో కంట్రాక్టరుకు బాకీ. మిల్లు యజమాని కూలి ఇచ్చేది మనిషి చేతికి కాదు, మేస్త్రీ చేతికి. పైనుంచి ఒక్కొక్క మెట్టూ దిగుతూ, ప్రతి మెట్టు దగ్గరా కొంత తరుగుతూ వచ్చి, అడ్వాన్సు మినహాయింపు పోగా మిగిలింది మోసినవాడికి దక్కేది. బ్రిటిష్ ప్రభుత్వం వేసిన రాయల్ లేబర్ కమిషన్ 1931లో ఇచ్చిన నివేదికలో ఈ మేస్త్రీ పద్ధతి గురించి ఉంది. మా నాయనమ్మ మాత్రం ఏ నివేదికా చదవకుండానే చెప్పేది: మొదటి సీజను అంతా మీ తాత మేస్త్రీ కోసమే మోశాడు, రెండో సీజను నుంచి మన కోసం మోశాడు అని. ఆమె గొంతులో మేస్త్రీ మీద కోపం వినపడేది కాదు. ఆ మేస్త్రీ లేకపోతే టిక్కెట్టుకు డబ్బిచ్చేవాడే లేడు. ఇది నన్ను చాలాకాలం వేధించింది. పాలమూరు నుంచి దేశమంతా ఆనకట్టలు కట్టడానికి పోయిన వలస కూలీలూ గుంపు మేస్త్రీ గురించి ఇలాగే మాట్లాడతారు. అడ్వాన్సు ఇచ్చినవాడు దేవుడూ అవుతాడు, జీతం కోసేవాడూ అవుతాడు.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల్లో సరుకు ఎక్కించే కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మీయుల్ని తెచ్చి పెట్టాయి. సమ్మె పరిష్కారమై మన వాళ్లు పనికి తిరిగి రాగానే ఆ బర్మీయుల్ని పంపేశాయి. మే 26న అల్లర్లు మొదలయ్యాయి, వంద మందికి పైగా చనిపోయారు. ఎక్కువగా చచ్చింది తెలుగు కూలీలే. రెండు పేద గుంపుల్ని ఒకదాని మీదికి ఒకటి తోలి, కూలి ఎంత ఇవ్వాలో మాత్రం తాము నిర్ణయించుకున్న ఆ కంపెనీల మీద నాకు ఇప్పటికీ కోపమే. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షల మంది భారతీయులు కొండల మీదుగా నడిచి అస్సాం చేరారు, దారిలో వేల మంది పోయారు. 1960లలో బర్మాలో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చాక మిగిలినవాళ్లలో చాలామంది తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేటకు ఆ పేరు అలా వచ్చిందే.

మళ్లీ అమెరికాకు వస్తాను. 1942 ఆగస్టు 4న అమెరికా, మెక్సికో ప్రభుత్వాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. మళ్లీ యుద్ధమే, మళ్లీ మనుషుల కొరతే. దాన్నే బ్రసెరో కార్యక్రమం అంటారు. కాగితం మీద చూస్తే అది అంతకు ముందున్న అన్నిటికన్నా మెరుగైనది. రానూపోనూ ఖర్చు కూలివాడిది కాదు, వసతి ఇవ్వాలి, ఒప్పందం కాలంలో నాలుగింట మూడొంతుల రోజులు పని చూపిస్తామని హామీ ఇవ్వాలి. సెప్టెంబరు చివర మొదటి జట్టు కాలిఫోర్నియాలో స్టాక్టన్ పట్టణానికి రైల్లో వచ్చింది, బీట్‌రూట్ జాతి చక్కెర దుంపల పనికి. ఇప్పుడు హెచ్-2ఏలో మేం రాసే హామీల్లో చాలా వరకు ఆ పాత ఒప్పందం నుంచి వచ్చినవే. నాలుగింట మూడొంతుల హామీ అయితే దాదాపు అదే.

దారి ఖర్చు యజమానిదే అని ఇంత స్పష్టంగా రాశాక కూడా బాకీ ఎక్కడ పుట్టింది? అమెరికా సరిహద్దుకు అవతల పుట్టింది. ఒప్పందంలో ఉన్నది ఎంపిక కేంద్రం నుంచి పొలం దాకా ఖర్చు. ఊరి నుంచి ఎంపిక కేంద్రం దాకా ఖర్చు ఎవరిదీ కాదు. పేరు జాబితాలోకి ఎక్కాలంటే మునిసిపల్ అధికారికి లంచం. ఎంపిక కేంద్రం బయట వారాల తరబడి పడిగాపులు, తిండికి అప్పు. సొనోరా రాష్ట్రంలో అయితే ముందు అక్కడి రైతుల దగ్గర ఇంత బరువు అని పత్తి ఏరి పెడితేనే చీటీ ఇచ్చేవారు. ఆ చీటీ ఉంటేనే అమెరికా వరస. లోపలికి వెళ్లాక అరచేతులు తిప్పి చూసేవారు, కాయలు కాసి ఉన్నాయా లేదా అని. సరిహద్దు కేంద్రాల్లో బట్టలు విప్పించి డీడీటీ పొడి చల్లేవారు. 1956లో లెనర్డ్ నాడెల్ అనే ఫొటోగ్రాఫరు తీసిన బొమ్మలున్నాయి. ముసుగు వేసుకున్న ఒకతను వరసలో నిలబడ్డ మనుషుల ముఖం మీదే పొడి కొడుతున్నాడు. ఆ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నా కళ్లు వెనక నిలబడ్డవాళ్ల మీదికి పోయాయి. తమ వంతు కోసం చూస్తున్నారు వాళ్లు. ఊళ్లో అప్పు చేసి అంతదూరం వచ్చినవాడు అక్కడ నుంచి వెనక్కి ఎలా తిరుగుతాడు?

1964 చివరికి కార్యక్రమం ఆగిపోయేసరికి సుమారు 46 లక్షల ఒప్పందాలు జరిగాయి. ఒక్కడే నాలుగైదు సార్లు వచ్చిన సందర్భాలున్నాయి కాబట్టి మనుషులు అంతకన్నా తక్కువ. మొదట అమెరికా ప్రభుత్వమే యజమానిగా సంతకం చేసేది. కొన్నాళ్లకే ఆ సంతకం పెద్ద రైతుల చేతికీ, రైతు సంఘాల చేతికీ పోయింది. ఆ సంఘాలే కూలీలను మొత్తంగా తెప్పించి, ఈ వారం నీకు, వచ్చే వారం నీకు అని పొలాలకు పంచేవి. ఎర్నెస్టో గలార్సా అనే పరిశోధకుడు శిబిరాలన్నీ తిరిగి 1956లో ఒక నివేదిక వేసి, హామీల్లో ఏవి ఎక్కడెక్కడ గాలికి పోయాయో చూపించాడు. 1963 సెప్టెంబరు 17న కాలిఫోర్నియాలో చువలార్ దగ్గర, పొలం నుంచి కూలీలను తెస్తున్న బండిని రైలు గుద్ది 32 మంది చచ్చిపోయారు. లారీ మీద బెంచీలు బిగించి బస్సుగా మార్చిన బండి అది.

ఫ్లోరిడా కథ ఇంకోరకం. ఓకీచోబీ సరస్సు చుట్టూ నల్లమట్టిలో చెరుకు తోటలు. 1942లో యునైటెడ్ స్టేట్స్ షుగర్ కార్పొరేషన్ మీద ఫెడరల్ అభియోగం పడింది, దక్షిణాది నల్లజాతి కూలీలను దారి ఖర్చు బాకీ పేరుతో కదలనివ్వకుండా పట్టి ఉంచారని. ఆ కేసు విచారణ దాకా వెళ్లకుండానే కొట్టివేశారు. మరుసటి ఏడాదే, 1943లో, జమైకా నుంచీ పక్క దీవుల నుంచీ కూలీలు రావడం మొదలైంది. ఇది కాకతాళీయమని నేననుకోను. తన దేశం పౌరుణ్ని బాకీ పేరుతో కట్టేస్తే కోర్టు అడుగుతుంది. వీసా మీద వచ్చినవాణ్ని కట్టేయక్కర్లేదు, పని మానేస్తే విమానం ఎక్కించడమే.

1952 వలస చట్టం ఈ తాత్కాలిక వీసాకు హెచ్-2 అనే పేరిచ్చింది. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలు చెరుకు కోతకు ఏటా వేల మంది జమైకన్లు వచ్చారు. ఎంపిక ఎలా జరిగేదంటే, జమైకాలో పార్లమెంటు సభ్యులు తమ వాళ్లకు కార్డులు పంచేవారు. కార్డు ఉన్నవాడు వరసలో నిలబడితే కంపెనీ మనిషి వచ్చి చేతులూ వీపూ చూసి ఎంచేవాడు. కూలిలో 23 శాతం తప్పనిసరి పొదుపు కింద కోసి జమైకా బ్యాంకుకు పంపేవారు. సగం సీజను నిండకముందే మానేస్తే దారి ఖర్చు కూలివాడి మీదికే వస్తుంది. గంటకు ఇంత అని చట్టం చెప్పిన కూలి గిట్టాలంటే రోజుకు ఎన్ని వరసలు నరకాలో కంపెనీ లెక్క వేసేది. నరకలేకపోతే పనిచేసిన గంటలనే తగ్గించి రాసేవారని కూలీలు కోర్టులో చెప్పారు. 1986 నవంబరులో ఒకీలాంటా తోటలో రేటు విషయంలో గొడవై కూలీలు పనికి దిగలేదు. పోలీసులు కుక్కలతో వచ్చారు. బట్టలు సర్దుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా వందల మందిని బస్సులెక్కించి జమైకాకు తిప్పి పంపేశారు. 1989లో కూలీలు తమకు రావాల్సిన బకాయి జీతాల కోసం పెద్ద దావా వేశారు. ఆ దావాలు నడుస్తుండగానే కంపెనీలు కోత యంత్రాలు తెచ్చుకున్నాయి. 1990లు ముగిసేసరికి కత్తి పట్టిన జమైకన్ ఆ తోటల్లో లేడు.

సరిగ్గా 1986లోనే కొత్త వలస చట్టం హెచ్-2ను రెండుగా చీల్చింది: పొలం పనికి హెచ్-2ఏ, తోటపని, హోటళ్లు, చేపల శుద్ధి, నిర్మాణం లాంటివాటికి హెచ్-2బి. రెండోదానికి ఏడాదికి 66,000 అని పరిమితి ఉంది. మొదటిదానికి లేదు. మా రాష్ట్రం కథ ఇక్కడ మొదలవుతుంది. 1989లో నార్త్ కరోలినా గ్రోయర్స్ అసోసియేషన్ ఏర్పడింది. దాన్ని నిలబెట్టిన స్టాన్ యూరీ అంతకు ముందు రాష్ట్ర ఉపాధి శాఖలో పనిచేసినవాడు. ఏ ఫారం ఏ బల్ల మీదికి వెళుతుందో, ఏది ఎక్కడ ఆగుతుందో అతనికి తెలుసు. 50 ఎకరాల రైతు ఒక్కడే ఈ కాగితాలు నడపలేడు. వందల మంది రైతులు కలిసి ఒక సంఘం పేరు మీద దరఖాస్తు పెడితే ఒక జట్టును పొగాకు నాటు నుంచి దోసకాయకీ, దోసకాయ నుంచి చిలగడదుంపకీ, చివరికి పడమటి కొండల్లో క్రిస్మస్ చెట్ల నరుకుడుకీ తిప్పవచ్చు. ఇప్పుడు దేశమంతా ఉన్న మాలాంటి కంపెనీలు ఆ నమూనా చూసి నేర్చుకున్నవే. ఆ నమూనాలో చీకటి కోణం కూడా ఉంది. మళ్లీ పిలవకూడనివాళ్ల జాబితా ఒకటి పెట్టి, ఫిర్యాదు చేసినవాళ్లను అందులో వేస్తున్నారని న్యాయ సహాయ సంస్థలు ఆరోపించాయి. తర్వాత 2015లో యూరీ వీసా దరఖాస్తుల మోసానికి సంబంధించిన కేసులో నేరం ఒప్పుకుని జైలుకు వెళ్లాడు.

ఈ రాష్ట్రంలో జరిగిన వాటిలో నేను అందరికీ చెప్పే సంగతి ఇంకొకటుంది. వ్యవసాయ కార్మిక సంఘం ఫ్లాక్, బల్దేమార్ వెలాస్కెజ్ నాయకత్వంలో, 1999లో మౌంట్ ఆలివ్ ఊరగాయల కంపెనీ మీద బహిష్కరణ ప్రకటించింది. ఆ కంపెనీకి దోసకాయలు అమ్మే రైతుల దగ్గర పనిచేసేది ఈ వీసా కూలీలే. అయిదేళ్ల తర్వాత, 2004 సెప్టెంబరులో, కంపెనీ, రైతుల అసోసియేషన్, యూనియన్ ముగ్గురూ సంతకం చేశారు. వేల మంది తాత్కాలిక వీసా కూలీలకు ఒక యూనియన్ ఒప్పందం రావడం దేశంలో అదే మొదటిసారి. ఒప్పందం అయ్యాక యూనియన్ చేసిన మొదటి పనుల్లో ఒకటి మాంటెరేలో ఆఫీసు తెరవడం. కాన్సులేటు ఉన్న ఊరు అది. కూలీల దగ్గర ఏజెంట్లు డబ్బు గుంజేది అక్కడే, దాన్ని ఆపాలంటే అక్కడే కూర్చోవాలని వాళ్లకు తెలుసు. ఒప్పందం అయి మూడేళ్లు తిరగకముందే, 2007 ఏప్రిల్‌లో, ఆ ఆఫీసులోనే సాంతియాగో రఫాయెల్ క్రూస్ అనే యువ కార్యకర్తను కట్టేసి కొట్టి చంపారు. వీసాల దందాకు అడ్డుపడినందుకే చంపారని యూనియన్ అంటుంది. నార్త్ కరోలినా పొలంలో ఎన్ని తనిఖీలు చేసినా ఏం లాభం, బాకీ పుట్టేది అక్కడ. ప్రాణం పోయినదీ అక్కడే.

మన దేశం నుంచి కూడా ఈ దారిలో మనుషులు వచ్చారు. 2005లో కత్రినా తుపాను తర్వాత గల్ఫ్ తీరంలో చమురు రిగ్గుల మరమ్మతుకు వెల్డర్లు, పైపు ఫిట్టర్లు కావలసివచ్చి, సిగ్నల్ ఇంటర్నేషనల్ అనే కంపెనీ సుమారు 500 మంది భారతీయుల్ని హెచ్-2బి మీద తెచ్చింది. చాలామంది అప్పటికే గల్ఫ్ దేశాల్లో ఏళ్లు పనిచేసి చేయి తిరిగినవాళ్లు. ముంబై ఏజెంటుకూ, అమెరికాలో లాయరుకూ, రిక్రూటరుకూ కలిపి ఒక్కొక్కరు 10,000 డాలర్ల నుంచి 20,000 డాలర్ల దాకా కట్టారు, గ్రీన్ కార్డు వస్తుందన్న మాట నమ్మి. ఇల్లూ పొలమూ అమ్ముకున్నవాళ్లున్నారు. తీరా వస్తే మిసిసిపీలో పాస్కగూలా దగ్గర కంచె వేసిన శిబిరం. ఒక్కో ట్రైలరులో 24 మంది, దానికి రోజుకు 35 డాలర్లు జీతంలో కోత. 2008 మార్చిలో వాళ్లు హెల్మెట్లు విసిరేసి గేటు దాటి బయటికొచ్చారు, వాషింగ్టన్ దాకా వెళ్లి నిరాహారదీక్ష చేశారు. 2015 ఫిబ్రవరిలో న్యూ ఆర్లీన్స్ జ్యూరీ మొదటి అయిదుగురికి కోటీ 40 లక్షల డాలర్లు ఇవ్వాలంది. అదే ఏడాది కంపెనీ దివాలా తీసి, మిగతా కేసులన్నీ కలిపి 2 కోట్ల డాలర్లకు రాజీపడింది. అప్పు లేని మనిషి అయితే ఆ ట్రైలరు చూసిన మర్నాడే టిక్కెట్టు కొనుక్కుని ఇంటికి పోయేవాడు. వీళ్లు నెలల తరబడి ఉన్నది వడ్డీ వల్ల.

అందుకే చట్టం ఇప్పుడు కూలీ దగ్గర ఏజెంటు రుసుము తీసుకోవడాన్ని నిషేధించింది. 2008 డిసెంబరులో వచ్చిన నిబంధన ప్రకారం, ఉద్యోగం ఇప్పించినందుకు కూలీ దగ్గర డబ్బు తీసుకున్నారని యజమానికి తెలిసినా, తెలిసి ఉండాల్సినా అతని దరఖాస్తు పోవచ్చు. 2002లో ఫ్లోరిడా రైతుల కేసులో అప్పీలు కోర్టు, వీసా ఖర్చూ దారి ఖర్చూ మొదటి వారం జీతాన్ని కనీస వేతనం కిందికి లాగకూడదని చెప్పింది. ఇవి రెండూ మంచివే, నేను రోజూ వీటి మీదే పనిచేస్తాను. 2024 సీజనులో వచ్చిన ఒక కుర్రాడి మొదటి వారం జీతం చీటీ ఎలా ఉందో చూడండి. పైన గంటలు. గంటకు 15.81 డాలర్లు, ఆ ఏడు మా రాష్ట్రానికి కార్మిక శాఖ వేసిన రేటు. దాని కింద వాపసు పద్దులు: వీసా రుసుము 205 డాలర్లు, మాంటెరేలో హోటలు, అక్కడి నుంచి ఇక్కడికి బస్సు టిక్కెట్టు, దారిలో తిండి. ప్రతి దానికీ రశీదు ఉంది, ప్రతి దానికీ గడి ఉంది. ఆ కుర్రాడు జాబితాలో పేరు కోసం తన ఊళ్లో ఒకరికి ఇచ్చిన డబ్బుకు మాత్రం గడి లేదు. అది ఊళ్లో వడ్డీకి తెచ్చిన సొమ్ము. నవంబరులో వెళ్లిపోయే ముందు ఆ విషయం నాతో అన్నాడు, అదీ మళ్లీ ఏడాది పేరు ఉంటుందో లేదో అడుగుతూ.

కాన్సులేటులో అధికారి అడుగుతాడు, ఎవరికైనా డబ్బు కట్టావా అని. లేదు అనమని ఏజెంటు ముందే చెప్పి పంపుతాడు. కట్టాను అంటే ఏమవుతుంది? దరఖాస్తు ఆగితే మొదట పోయేది ఇతని వీసా, ఇతని సీజను. వడ్డీ మాత్రం ఆగదు. నిజం చెప్పినవాడికి శిక్ష పడి, అబద్ధం నేర్పినవాడు మర్నాడు ఇంకొకణ్ని వరసలో నిలబెట్టే నిబంధన అది. 2024 డిసెంబరులో చేసిన సవరణలు యజమాని వైపు బిగించాయి, ఫిర్యాదు చేసినవాడికి కొంత రక్షణ ఇచ్చాయి. కాని మాంటెరే వరసలో నిలబడ్డవాడికి ఆ సంగతి ఎవరు చెబుతారు? నా ఉద్దేశంలో ఈ వ్యాపారంలో ఉన్న ప్రతి కంపెనీకీ ఆ బాధ్యత ఉంది. రుసుము పట్టుబడితే కూలీకి డబ్బు తిరిగివ్వాలి, పనీ ఇవ్వాలి. ఆ ఖర్చు, మనిషిని తెమ్మని అడిగిన మేమూ రైతూ భరించాలి. రైతులకు ఇది కష్టమే. పొగాకు ధర వాళ్ల చేతిలో లేదు, చిలగడదుంప ధరా లేదు. ఆ కష్టం నేను ఏటా వాళ్ల వంటింటి బల్లల దగ్గర కూర్చుని వింటాను. అయినా కూలివాడి ఊరి వడ్డీ వ్యాపారి నెత్తిన ఆ లెక్క పెట్టడానికి అది కారణం కాదు.

కాగితం విలువ ఏమిటో బ్రసెరోల కథలోనే తెలుస్తుంది. వాళ్ల జీతంలో మొదటి ఏళ్లలో పదో వంతు కోసి, ఊరికెళ్లాక ఇస్తామని మెక్సికో బ్యాంకులకు పంపారు. చాలామందికి అది ఎప్పుడూ అందలేదు. 2000 తర్వాత ముసలివాళ్లు కోర్టుకెక్కారు. 2005లో మెక్సికో ఒక నిధి పెట్టి మనిషికి 38,000 పెసోలు అంది. 2008లో అమెరికాలో ఉన్నవాళ్లకు 3,500 డాలర్ల చొప్పున రాజీ కుదిరింది. ఇవ్వాలంటే పాత ఒప్పందం కాగితమో జీతం చీటీయో చూపించాలి. 60 ఏళ్ల కిందటి చీటీ దాచుకున్నవాళ్లు ఎందరుంటారు?

ఏప్రిల్‌లో బస్సు దిగిన రెండో రోజు ప్రతి జట్టునూ కూర్చోబెట్టి హక్కులు చదివి చెబుతాం. అందులో నేను ఎక్కువసేపు కాగితాల గురించే మాట్లాడతాను. స్పానిష్‌లో ఉన్న ఒప్పందం మీ దగ్గరే ఉంచుకోండి, ప్రతి శుక్రవారం చీటీని ఫోనులో ఫొటో తీసి ఇంట్లోవాళ్లకు పంపండి, బస్సు టిక్కెట్టు కూడా పారేయకండి అని. కిందటి ఏడాది నుంచి దీనికి ఒకటి చేర్చాం. రైతును కూడా ఆ గదిలో కూర్చోమంటున్నాం. మెక్సికోలో ఉన్న ఏజెంటుకు ఒక్కో మనిషికి ఎంత రుసుము ఇస్తున్నామో, అది రైతు జేబులోంచి వెళుతోందని, అంకెతో సహా కూలీల ముందు అతని చేతే చెప్పిస్తున్నాం. మొదటిసారి అలా చెప్పిన రోజు సాయంత్రమే ముగ్గురు వచ్చి, మా దగ్గర కూడా తీసుకున్నాడు అన్నారు. ఆ డబ్బు రైతు తిరిగి ఇచ్చాడు. ఆ ముగ్గురి పేర్లూ వచ్చే సీజను జాబితాలో ఉన్నాయి, ఆ ఏజెంటు పేరు లేదు.